ఎయిర్ రైఫిల్‌కి గాలి ఇంట్లోనే కొట్టుకోవడం గిట్టుబాటేనా?

చేతి పంపుతో ఎయిర్ రైఫిల్ సిలిండర్ నింపుకోవడం గురించి ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. ఎక్కువమంది నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిలకాయల్ని షూటింగ్‌లో చేర్పించిన తల్లిదండ్రులే. "పంపు కొంటే డబ్బులు మిగుల్తాయా?" అన్నదే అందరి ప్రశ్న. డబ్బులొక్కటే చూసుకుంటే పెద్దగా మిగలవు. కానీ రేంజి, అంటే షూటింగ్ ప్రాక్టీసు చేసే చోటు, దూరంగా ఉన్న ఊళ్లో, గాలి లేక బిడ్డ ప్రాక్టీసు ఆగిపోకూడదు అనుకుంటే మాత్రం పంపుని మించింది లేదు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పడం కుదరడం లేదు కాబట్టి అంతా ఒక చోట రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

కొత్తవాళ్ల కోసం ముందు ఒక ముక్క. పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో మందుగుండు ఉండదు. బారెల్ కింద చిన్న సిలిండర్ ఉంటుంది, అందులో 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా రెగ్యులేటర్ కొలిచి వదిలినంత గాలి బయటికొచ్చి 4.5 ఎంఎం సీసం పెల్లెట్‌ని తోస్తుంది. 200 బార్ అంటే దాదాపు 2,900 పీఎస్ఐ. మన కారు టైర్లో కొట్టించేది 32, 33 పీఎస్ఐ. పంక్చర్ షాపులో పట్టిస్తే సరిపోదా అనేవాళ్లకి జవాబు అందులోనే ఉంది, అక్కడి కంప్రెసర్ పది బార్ దాటడమే కష్టం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టిందీ, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. అందుకే మన వైపు కూడా పిల్లల్ని ఇందులో పెట్టే ఇళ్లు కనిపిస్తున్నాయి, నాకు అది చాలా సంతోషం.

టెక్సాస్‌లో ఉండే మా బావ ఈ విషయం వచ్చినప్పుడల్లా తూటాల సంగతి ఎత్తుతాడు. అక్కడ చాలామంది తమ తూటాలు తామే ఇంట్లో నింపుకుంటారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, సైజు సరిచేసి, కొత్త ప్రైమర్ (మందుని అంటించే చిన్న ముక్క) పెట్టి, పౌడర్ తూకం వేసి పోసి, పైన కొత్త బుల్లెట్ పెట్టి ప్రెస్సులో నొక్కుతారు. తూటా ఖరీదులో ఇత్తడి వాటా పెద్దది, అది మళ్లీ మళ్లీ పనికొస్తుంది కాబట్టి అక్కడ లెక్క కుదురుతుంది. అయినా మిగిలిందేం లేదంటాడు. "అదే డబ్బుతో ఇంకాస్త ఎక్కువ కాలుస్తున్నా బావా, అంతే" అంటాడు. ఈ మాట గాలి కొట్టుకునేవాళ్లకీ వర్తిస్తుంది, కింద లెక్కల్లో చూస్తారు. కానీ తూటాల దారి మనకి లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు సామాను తయారుచేయాలంటే దానికి వేరే లైసెన్సు కావాలి, ఇంట్లో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు చేసుకుంటామంటే కుదరదు. తాతల నాటి పన్నెండు బోర్ తుపాకీ ఉన్న ఇళ్లు ఉదయగిరి, కనిగిరి వైపు ఇంకా ఉన్నాయి, అలాంటి చోట ఎవరైనా తూటాలు నింపిస్తామని వస్తే దగ్గరికి రానివ్వకండి. 4.5 ఎంఎం లోపు, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌళ్ల లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. మన చేతుల్లో ఉన్న పనులు రెండే, గాలి నింపుకోవడం, డబ్బాలోంచి మంచి పెల్లెట్లు ఏరుకోవడం. రెండింటి గురించీ రాస్తాను, గాలి గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు, టెన్షన్ రెండూ అక్కడే ఉన్నాయి.

మేం వాడేది మూడంచెల చేతి పంపు. చూడ్డానికి పొడుగాటి సైకిల్ పంపే. లోపల ఒకదాంట్లో ఒకటి ఇమిడిన గొట్టాలుంటాయి, మొదటిది లావు, చివరిది పెన్సిలంత సన్నం. గాలి మొదటి అంచెలో కొంత నలిగి, రెండో దాంట్లో ఇంకొంత, మూడో దాంట్లో పూర్తిగా నలిగి గొట్టం గుండా సిలిండర్లోకి పోతుంది. చివరి పిస్టన్ అంత సన్నగా ఉంటేనే మనిషి ఒంటి బరువుతో 200 బార్ సాధ్యం, లేకపోతే ఎంత బలవంతుడైనా యాభై దగ్గరే ఆగిపోతాడు. ధర పదివేల పైమాటే పడింది. పంపు గొట్టాన్ని సిలిండర్‌కి తగిలించే అడాప్టర్ దీనికి విడిగా కొనాలి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టైర్, ఆన్‌షుట్జ్, మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్, ఎవరి సిలిండర్‌కి ఏ అడాప్టర్ కావాలో ముందే కనుక్కోండి. పంపు వచ్చి అడాప్టర్ రాక నెల రోజులు దాన్ని మూలన పెట్టుకున్న కుటుంబం నాకు తెలుసు.

కొట్టడం గురించి. వంద బార్ దాకా చిన్నపిల్లలు కూడా కొట్టేస్తారు. నూట యాభై దాటాక నడుముకి తెలుస్తుంది. నూట ఎనభై దాటాక చేతులతో నొక్కితే దిగదు, మోచేతులు నిటారుగా పెట్టి, మోకాళ్లు వంచి, ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వదలాలి. మా అమ్మాయికి పదమూడేళ్లు, "నాన్నా, నేను కొడతా" అని ప్రతిసారీ వస్తుంది, నూట ఇరవై దాకా కొట్టి నాకిచ్చేస్తుంది. కాబట్టి ఇంట్లో అరవై డెబ్భై కిలోల మనిషి ఒకరు, నడుం నొప్పి లేనివాళ్లు, ఉండాలి. నడుం సమస్య ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తపోటుకి మందులు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు, కింద రాసిన వేరే దారులు చూసుకోండి.

పంపు కొట్టే పద్ధతి తెలియకనే చాలామంది అది బాగాలేదంటారు. హ్యాండిల్ పూర్తిగా పైకి లాగి ఒక్క క్షణం ఆగాలి, పూర్తిగా కిందికి దించి ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడంలోనే ఒక అంచెలోని గాలి తర్వాతి అంచెలోకి మారుతుంది. గబగబా సగం సగం కొడితే చెమట తప్ప ముల్లు కదలదు. ఇంకోటి, గాలిని నలిపితే వేడి పుడుతుంది, అది పంపు కింది భాగం ముట్టుకుంటే తెలుస్తుంది. ముట్టుకుని చెయ్యి తీసేసేంత వేడిగా ఉంటే ఆపేసి చల్లారనివ్వాలి, లేకపోతే లోపలి రబ్బరు రింగులు పోతాయి. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకి మధ్యాహ్నం పూట ఈ పనే పెట్టుకోకండి. తెల్లారి ఐదున్నరకి, వరండాలో, కాఫీ తాగాక కొట్టుకోండి. వేడిగా ఉన్నప్పుడు గేజి 200 చూపిస్తుంది, చల్లారాక పది బార్ దాకా తగ్గుతుంది, అది లీకు కాదు, వేడి తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది అంతే. దానికి కంగారుపడి సిలిండర్ విప్పి చూసినవాళ్లు ఉన్నారు. కొట్టడం, ఆగడం, చల్లారడం అన్నీ కలిపి అరగంట పని.

ఇప్పుడు లెక్క. 200 సీసీ సిలిండర్‌ని 100 బార్ నుంచి 200 బార్‌కి తేవాలంటే 20 లీటర్ల బయటి గాలి లోపలికి పోవాలి. అంటే ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను నిండా పట్టే గాలి, టీ గ్లాసంత సిలిండర్లోకి. దాంతో మా రైఫిల్‌కి రెండు మూడు ప్రాక్టీసులు దర్జాగా గడుస్తాయి. పోటీలో అయితే 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద గంటా పావు సమయం, 2018 నుంచి అమ్మాయిలకీ అబ్బాయిలకీ అంతే. రెగ్యులేటర్ ఉంది కాబట్టి ఒత్తిడి 200 నుంచి వందకి పడినా పెల్లెట్ వేగం మారదు. కానీ రెగ్యులేటర్ పనిచేసే హద్దు కిందికి దిగితే షాట్లు కిందపడడం మొదలవుతుంది, పిల్ల తన తప్పనుకుని బాధపడుతుంది. మా ఇంట్లో గేజి వంద దగ్గరికి రాగానే కొట్టేస్తాం. సిలిండర్‌ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయొద్దు, కొంచెం ఒత్తిడి లోపల ఉంటేనే వాల్వు బిగుతుగా ఉంటుంది, తేమ చొరబడదు.

తేమ. ఈ పంపుల్లో నిజంగా భయపడాల్సింది దీనికే, మన కోస్తా జిల్లాల్లో మరీను. ముప్పై డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి పట్టుకోగలదు. మన దగ్గర తేమ డెబ్భై ఐదు శాతం ఉన్న రోజు ఆ 20 లీటర్ల గాలిలో దాదాపు అర గ్రాము నీళ్లుంటాయి, తొమ్మిది పది బొట్లన్నమాట. గాలిని రెండొందల వంతుకి నలిపేసరికి ఆ నీళ్లు పట్టేందుకు చోటుండదు, పంపులో బొట్లుగా కారతాయి. బయటికి వదలకపోతే అవి సిలిండర్లోకి, అక్కణ్నుంచి రెగ్యులేటర్లోకి పోతాయి. పెద్ద రేంజిల్లో ఏసీ హాల్లో కూర్చున్న కంప్రెసర్‌కి పెద్ద ఫిల్టర్లు ఉంటాయి, మనకి ఉండేది వేలెడంత గొట్టం. అక్టోబరు, నవంబరుల్లో ముసురు పట్టిన రోజు మేం పంపు ముట్టుకోం, వాన గెరువిచ్చాక కొడతాం.

దీనికి నేను చేసేది ఇది. యాభై బార్ పెరిగినప్పుడల్లా ఆపి, బ్లీడ్ స్క్రూ (పంపులో మిగిలిన గాలి, తడి బయటికి వదిలే మర) దగ్గర తెల్ల గుడ్డముక్క పట్టుకుని స్క్రూ కొంచెం వదులు చేస్తాను. ఇది చేసేముందు మీ సెట్టులో సిలిండర్‌ వైపు గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొట్టిందంతా బుస్సుమని పోతుంది. వదలగానే తెల్లగా పొగలాగా వచ్చి గుడ్డ మీద తడి మచ్చ పడుతుంది. ఆ మచ్చ రంగు చూడండి. నీళ్లలా తేటగా ఉంటే పంపు బాగున్నట్టు. బూడిద రంగో, నల్లగానో, సన్నటి పొడి కలిసి ఉంటే లోపల రింగు అరుగుతోందన్నట్టు, ఇంకో నెలలో అది పోతుంది, ఇప్పుడే తెప్పించుకోండి. జిడ్డుగా ఉంటే ఎవరో గ్రీజు ఎక్కువ పూశారు. పంపు ఆరోగ్యం తెలుసుకోవడానికి దీనికంటే మంచి మార్గం నాకు కనపళ్లేదు, గేజి కూడా ఇంత ముందుగా చెప్పదు.

పంపుతో పాటు ఒక చిన్న ఫిల్టరు కూడా తప్పకుండా తీసుకోండి, గాలి లోపలికి పీల్చే వైపు పెట్టేదైనా సరే. అందులో సిలికా జెల్ గుళికలు పోస్తారు. నీలం రకం తేమ పడితే గులాబీ రంగుకి తిరుగుతుంది, నారింజ రకం ఆకుపచ్చకి తిరుగుతుంది. తిరిగాక పారేయక్కర్లేదు, 110, 120 డిగ్రీల దగ్గర ఓవెన్లో ఆరబెడితే మళ్లీ పాత రంగుకి వస్తుంది. వంటకి వాడే ఓవెన్లో, వంట గిన్నెల్లో మాత్రం పెట్టకండి, ముఖ్యంగా నీలం రకాన్ని, అందులో కోబాల్ట్ ఉంటుంది. పాత చిన్న ఓవెన్ ఒకటి దీనికే ఉంచండి.

రింగుల దగ్గరే నాకు కడుపుమంట. పంపు అమ్మినాయన డబ్బు పడేదాకా రోజుకి రెండుసార్లు ఫోన్ చేశాడు, "స్పేర్ కిట్టు ఎప్పుడు కావాలన్నా పంపిస్తా సార్" అన్నాడు. ఓ రింగు పోయాక ఫోన్ ఎత్తలేదు. జిల్లా పోటీలు నెత్తి మీదున్నాయి, అమ్మాయి ముఖం చూడలేకపోయాను. చివరికి పాత రింగు పట్టుకుని ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సామాన్లు అమ్మే షాపుకి పోతే, ఆ పెద్దాయన వెర్నియర్‌తో కొలిచి, "మామూలు రబ్బరు ఆగదు సార్, తొంభై షోర్ నైట్రైల్ ఇస్తా" అని ఇచ్చాడు. రింగు ఖరీదు టీ డబ్బులే. అదే ఇప్పటికీ నడుస్తోంది. షోర్ అంటే రబ్బరు గట్టిదనం కొలత, మామూలుగా దొరికేది డెబ్భై షోర్ రబ్బరు, ఈ ఒత్తిడికి అది సందులోకి పిండుకుపోయి చిరుగుతుంది. కాబట్టి పంపు కొన్నరోజే స్పేర్ కిట్టు కూడా చేతిలోకి తీసుకోండి, "తర్వాత పంపిస్తాం" అన్న మాట నమ్మొద్దు. ఇది ఎవరి పేరూ ఎత్తి చెప్పడం లేదు, ఆన్‌లైన్లో అమ్మే చాలామంది పద్ధతి ఇదే అని తోటి తల్లిదండ్రులు కూడా చెప్పారు.

గ్రీజు విషయంలో ఒకటే మాట, సిలికాన్ గ్రీజు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఇంజినాయిల్, ఏదీ పెట్టొద్దు. ఇంత ఒత్తిడి దగ్గర గాలి ఒక్కసారి నలిగితే పుట్టే వేడికి ఆ నూనె ఆవిరి డీజిల్ ఇంజిన్లో లాగే అంటుకోగలదు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఆక్సిజన్. దయచేసి ఈ పేరా వదలకుండా చదవండి. "వెల్డింగ్ షాపులో సిలిండర్ ఉంది కదా, నూట యాభై బార్ ఉంటుంది, దాంట్లోంచి పట్టిద్దాం" అని తెలివిగా చెప్పేవాళ్లు మన ఊళ్లో కూడా ఉన్నారు, నాతోనే అన్నారు. అది ఆక్సిజన్. ఆస్పత్రి సిలిండర్ అయినా అంతే. అంత ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి రవ్వంత గ్రీజు తగిలినా, రబ్బరు తగిలినా భగ్గుమంటుంది, సిలిండర్ పిల్ల చెంప పక్కనే పేలుతుంది. మంచి గాలి, అంటే మనం పీల్చే గాలి, అది తప్ప ఇంకేదీ ఆ సిలిండర్లోకి పోకూడదు. మీ కోచ్ చెప్పినా, షాపువాడు చెప్పినా వినకండి.

మిగతా దారులు ఎలా ఉన్నాయంటే, చెన్నైలో స్కూబా డైవింగ్ వాళ్ల దగ్గర ట్యాంకు నింపించుకోవడం ఒకటి. లెక్క చాలా బాగుంటుంది. 12 లీటర్ల ట్యాంకు 200 బార్ నింపి తెచ్చుకుంటే మన చిన్న సిలిండర్‌ని ఒకసారి నింపినప్పుడు ట్యాంకు ఒత్తిడి ఒకటిన్నర, రెండు బార్ల లోపే తగ్గుతుంది. మొదట్లో నిండుగా 190 దాకా వస్తుంది, ట్యాంకు తగ్గేకొద్దీ మన సిలిండర్‌కి వచ్చేది కూడా తగ్గుతుంది, 130 దాకా దించుకుంటూ వాడితే నలభై సార్లకి పైనే నింపొచ్చు. ఒంటి కష్టం సున్నా, స్కూబా గాలి పొడి గాలి, రెగ్యులేటర్‌కి శ్రేష్ఠం. కానీ ట్యాంకు, దాని గేజి, గొట్టం కలిపితే చేతి పంపుకి రెండు మూడు రెట్లు పడుతుంది. ట్యాంకుకి గడువు ప్రకారం హైడ్రో టెస్టు (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) చేయించాలి, మెడ మీద తేదీ కొట్టి ఉంటుంది, తేదీ దాటితే మంచి సెంటర్ వాళ్లు నింపరు, నింపకూడదు కూడా. పైగా నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, రాను పోను కారుకి పెట్రోలే రెండు వేల పైన, వెంకటాచలం దగ్గర మొదలుపెట్టి టోల్ గేట్లు విడిగా. నిండు ట్యాంకు రైల్లో తీసుకురాకూడదు, కాబట్టి పినాకినిలో పోయొద్దామంటే కుదరదు. ఏదో పెళ్లికో, ఆస్పత్రి పనికో చెన్నైకి కారులో తరచూ పోయే ఇల్లయితే మాత్రం ఇదే ఉత్తమం, నేనే చెబుతున్నా. ఒంగోలు వాళ్లకి దూరం ఇంకా వంద కిలోమీటర్లు ఎక్కువ, వాళ్లు దీన్ని మర్చిపోవచ్చు.

రెండోది చిన్న కరెంటు కంప్రెసర్. చైనా రకాలు, 12 వోల్ట్ బ్యాటరీకి పెట్టేవి, ఇంటి కరెంటుకి పెట్టేవి ఉన్నాయి. ఒంగోల్లో ఇద్దరు తండ్రులు కలిసి ఒకటి కొన్నారు, ముప్పై వేలు దాటిందన్నారు. వెళ్లి చూశాను, మోత బాగా ఎక్కువ, నీళ్ల బకెట్టు పెట్టి చల్లబరచాలి, ఐదారు నిమిషాలు నడిపి ఆపాలి, ఫిల్టరు మార్చాలి. కానీ నలుగురు పిల్లలకి ఒకేరోజు గాలి పట్టేస్తున్నారు. పిల్లలు ముగ్గురు నలుగురుంటే, ఖర్చు పంచుకుంటే దీనికి ఓటేస్తాను. ఒక్క బిడ్డ కోసం ముప్పై వేలు పెట్టి కొనడం దండగ, ఆ డబ్బుతో మంచి షూటింగ్ జాకెట్, బూట్లు కొనండి, స్కోరు అక్కడ పెరుగుతుంది.

మూడోది రేంజిలోనే పట్టించుకోవడం. రేంజి మీ ఇంటికి పది కిలోమీటర్ల లోపు ఉండి, అక్కడ గాలి దొరుకుతుంటే, పంపు కొనకండి. నిజంగా అక్కర్లేదు. రెండో సిలిండర్ ఒకటి కొని నింపి ఇంటికి తెచ్చుకోండి, పంపు ఖరీదుకి కాస్త అటూ ఇటూగా వస్తుంది, ఒళ్లు హూనం కాదు. ఇబ్బందల్లా రేంజి కంప్రెసర్ మొరాయించినప్పుడు, సెలవులప్పుడు, కరెంటు పోయినప్పుడు. మా చుట్టుపక్కల ఇది మామూలే కాబట్టి మాకు పంపు తప్పలేదు. పరీక్షల సెలవుల్లో పిల్ల మేడ మీది రేకుల షెడ్డులో 10 మీటర్లు కొలిచి, వెనక ఇనుప పెల్లెట్ ట్రాప్ పెట్టుకుని రోజూ ప్రాక్టీసు చేసిందంటే పంపు పుణ్యమే. ఆ నెల తర్వాత కోచ్ ఆమె ట్రిగ్గర్ మీద వేలు స్థిరంగా ఉందని మెచ్చుకున్నాడు, నాకు పంపు డబ్బులు ఆ రోజే వచ్చేసినట్టనిపించింది.

గాలి ఆదా చేసే ఇంకో మార్గం పైసా ఖర్చు లేనిది ఉంది. మ్యాచ్ రైఫిళ్లలో డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది, ట్రిగ్గర్ అచ్చం నిజం షాట్ లాగే పడుతుంది, గాలి పోదు, పెల్లెట్ పోదు. గోడకి తెల్ల కాగితం అతికించి దాని మీదకి గురిపెట్టి రోజూ అరగంట చేయిస్తే చాలు. పంపు కొట్టే బాధ సగానికి సగం తగ్గుతుంది.

ఇక పెల్లెట్ల సంగతి. ఆర్‌డబ్ల్యుఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటి దిగుమతి డబ్బాలకి, మామూలు డబ్బాలకి ధరలో మూడు నాలుగు రెట్లు తేడా ఉంటుంది. అందుకని మామూలువి కొని, బంగారం షాపు త్రాసు మీద ఒక్కొక్కటీ తూకం వేసి, బరువుల ప్రకారం గుంపులు చేసుకుంటే మ్యాచ్ పెల్లెట్లు అయిపోతాయని కొందరు నమ్ముతారు. రాత్రుళ్లు కూర్చుని డబ్బాలకి డబ్బాలు తూకం వేస్తారు. ఈ శ్రమ వద్దని నా గట్టి అభిప్రాయం, కారణం చెబుతా. పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకి 170 మీటర్ల దగ్గర. 10 మీటర్లు పోయేలోపు అది 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువులో ఐదు మిల్లీగ్రాముల తేడా వస్తే వేగం అర శాతం మారుతుందనుకుందాం, అప్పుడు దిగడంలో తేడా మిల్లీమీటర్లో ఐదో వంతు కూడా ఉండదు. రైఫిల్ టార్గెట్ మీద పదో వలయానికీ తొమ్మిదికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు, అంటే ఒక్కో పాయింటుని పది భాగాలు చేసే డెసిమల్ స్కోరులో 0.1కి పావు మిల్లీమీటరు. అంత కష్టపడి తూకం వేసి సాధించేది 0.1 కూడా కాదు. పదమూడేళ్ల పిల్ల ఊపిరి ఒక్కసారి ఎక్కువ పీల్చుకుంటే పోయేది దానికి పది రెట్లు.

తూకం బదులు కళ్లతో చూడండి, అది మాత్రం పనికొస్తుంది. డబ్బా మూత తీసి పది పది పెల్లెట్లు తెల్ల కాగితం మీద వెల్లకిలా పోసి, భూతద్దం కింద వెనక వైపు అంచు చూడండి. ఆ పల్చటి అంచే బారెల్లో గాలిని ఆపేది. డబ్బా కొరియర్లో దొర్లిందంటే కొన్నింటి అంచు ఒక పక్క నొక్కుకుపోయి గుడ్డు ఆకారంలో ఉంటుంది, కొన్నింటికి లోపల సీసం తునక అతుక్కుని ఉంటుంది. అవి పక్కన పెట్టేయండి, ట్రిగ్గర్ అలవాటు కోసం వాడుకోవచ్చు. ఒక డబ్బాకి పది నిమిషాలు పట్టదు. మా అమ్మాయికి ఇదంటే చాలా ఇష్టం, ఏరుతూ ఏరుతూ మనసు కుదుటపడుతుందంటుంది. తల సైజు, 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది, బరువు కంటే అది ముఖ్యం. రైఫిల్‌ని బిగించి రెండు మూడు సైజులు కాల్చి ఏది గుత్తిగా పడుతుందో చూసి, అదే రకం మ్యాచ్‌కి దాచుకోండి, రోజువారీకి మామూలువి చాలు. రాష్ట్ర పోటీల దాకా రానివాళ్లకి ఆ పరీక్ష కూడా ఇప్పుడే అక్కర్లేదు.

పెల్లెట్లు ఇంట్లోనే సీసం కరిగించి పోసుకుందామా అని ఒకరు అడిగారు. వద్దు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గ్యాస్ పొయ్యి మీద తేలికే అనిపిస్తుంది, కానీ వంటింట్లో ఆ ఆవిరి, ఆ ధూళి చిన్నపిల్లల ఒంటికి ఎంత చెడ్డదో చెప్పనలవి కాదు. పెల్లెట్ అంచు అంత పల్చగా పోత పోయడం కూడా కుదిరే పని కాదు, కంపెనీలు డై పెట్టి నొక్కి తీస్తాయి. మామూలుగా వాడినా సరే ప్రాక్టీసు అవగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లల్ని అన్నం దగ్గరికి రానివ్వకండి.

డబ్బు లెక్క కోరేవాళ్లకి ఇంకో ముక్క. పంపు, అడాప్టర్, ఫిల్టరు, స్పేర్ రింగులు కలిపి ఒక ఏడాది రేంజి గాలికి మీరు పెట్టే ఖర్చు కంటే ఎక్కువే అవుతుంది. రెండో ఏడాది నుంచి గాలి ఉచితం, రింగులు తప్ప ఖర్చు లేదు. అది కూడా పిల్ల మానేయకపోతేనే. పదో తరగతిలోకి రాగానే మాన్పించేద్దామనే ఆలోచన ఉన్నవాళ్లు అసలు కొనకండి. మా బావ అన్నట్టు, మిగిలేది డబ్బు కాదు, కాల్చే షాట్లు పెరుగుతాయి, దాని కోసమే అయితే కొనండి.

ఇంకొకటి, పాత రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లకి. పంపు గురించి ఆలోచించే ముందు సిలిండర్ మీద కొట్టిన తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర, అంటే సామాన్లు తనిఖీ చేసే చోట, ఆపేయొచ్చు, గడువులో ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత ఆటగాళ్లదే అని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. రైఫిల్ చవగ్గా వచ్చిందని తీసుకుని, కొత్త సిలిండర్‌కి మళ్లీ వేలు పోసినవాళ్లున్నారు. తేదీ అరిగిపోయి కనపడకపోతే, గీతలు పడి, సొట్టలు పడి ఉంటే, అమ్మేవాళ్లు ఎంత దగ్గరి మనుషులైనా దాంట్లో 200 బార్ గాలి కొట్టకండి, రైఫిల్ ధరలోంచి సిలిండర్ ఖరీదు తగ్గించుకుని కొత్త సిలిండర్ తెప్పించుకోండి.